జయపురం డాబా మీద కాట్లేయా: వెలుగు, చీకటి కొలతల డైరీ

ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. మా డాబా మీద కాట్లేయా ఆర్కిడ్లు మామూలుగా దీపావళి ముందూ వెనకా పూస్తాయి. వాటిని ఆపి సంక్రాంతికి పూయించాలన్నది లక్ష్యం. ఒక విడతలో అనుకున్న తేదీ దాటిపోయింది, రెండో విడత నడుస్తోంది. విజయనగరం, సాలూరు, పార్వతీపురం వైపు ఇదే పని చేయాలనుకునేవాళ్లకు కొలతలన్నీ పనికొస్తాయి. ఎండ, చలి మాత్రం మీ ఊరివి చూసుకోవాలి. జయపురం ఆరు వందల మీటర్లు దాటిన ఎత్తులో ఉంది, ఇక్కడి చలి మైదానంలో ఉండదు.

మొక్కలు:

1. కాట్లేయా 12 కుండీలు. అన్నీ లేబియాటా (కాట్లేయాలో ఒక రకం) రక్తం ఉన్న ఒకే హైబ్రిడ్ నుంచి విడదీసినవి. వేర్వేరు రకాలు కలిపితే తేడా వెలుగు వల్ల వచ్చిందా, రకం వల్ల వచ్చిందా తేలదు.
2. ఫెలనాప్సిస్ అనే ఇంకో రకం ఆర్కిడ్ 6 కుండీలు.
3. చామంతి కొమ్మలు నాటిన చిన్న కుండీలు, ప్రతి గుంపుకూ ఒకటి.

చామంతి ఎందుకంటే, కాట్లేయా జవాబు చెప్పడానికి నెలలు తీసుకుంటుంది. చామంతికి పొడవైన రాత్రులు దొరికితే మూడు నాలుగు వారాల్లో మొగ్గ కడుతుంది, దొరక్కపోతే ఆకులు వేస్తూనే ఉంటుంది. నా ఏర్పాటులో చీకటి నిజంగా చీకటేనా అన్నది అదే ముందుగా చెబుతుంది. ఈ డైరీలో ఒక్క సలహా తీసుకోవాలంటే ఇది తీసుకోండి.

కాట్లేయాలను నాలుగేసి చొప్పున మూడు గుంపులు చేసి, వాటికి ‘అ’, ‘ఆ’, ‘ఇ’ అని పేర్లు పెట్టాను. అ గుంపుకు సహజమైన పగలూ రాత్రీ. ‘ఆ’ గుంపుకు, రాత్రిని మధ్యలో తెంచి పూత ఆపడానికి, అర్ధరాత్రి దీపం. ‘ఇ’ గుంపుకు, రాత్రిని పొడిగించడానికి, నల్ల పెట్టె.

దశ 1: ముందు కొలతలు

జయపురం దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా జూన్ 21 ప్రాంతంలో సుమారు 13 గంటల 15 నిమిషాలు, డిసెంబర్ 21 ప్రాంతంలో సుమారు 11 గంటలు. మొత్తం ఏడాదిలో తేడా రెండుంపావు గంటలే. ఆ కొంచెం తేడా చూసుకునే మొక్క కాలం గుర్తుపడుతుంది.

అయితే క్యాలెండర్‌లో రాసే సూర్యాస్తమయంతో మొక్కకు రాత్రి మొదలవదు. మునిమాపు వెలుగు కూడా లెక్కలోకి వస్తుంది. నిర్మలమైన సాయంత్రం సూర్యుడు దిగాక వెలుగు కొలిచే లక్స్ మీటర్ 10కి పడిపోవడానికి మా డాబా మీద ఇరవై నిమిషాల దాకా పట్టింది. ఉదయం కూడా అంతే. అంటే జూన్‌లో మొక్క చూసే పగలు 14 గంటలకు దగ్గర. టైమర్ పెట్టేటప్పుడు ఈ 40 నిమిషాలు కలుపుకోవాలి.

పగటి వెలుగు వేరే లెక్క. కాట్లేయాకు మధ్యాహ్నం 20,000 నుంచి 30,000 లక్స్ కావాలి, ఫెలనాప్సిస్‌కు 10,000 నుంచి 15,000 చాలు. 75 శాతం ఎండ ఆపే గ్రీన్ నెట్ కింద నాకు ఏప్రిల్‌లో 24,000 వచ్చింది, ఆగస్టు మబ్బుల్లో 7,000 వచ్చింది. వానాకాలంలో నెట్‌ను 50 శాతానికి మార్చాను. పగలు చిన్నది చేయడమంటే వెలుగు తగ్గించడమని చాలామంది అనుకుంటారు. గంటలు తగ్గించాలి, ఉన్న గంటల్లో వెలుగు మాత్రం పూర్తిగా ఇవ్వాలి. నీడలో పెట్టిన కాట్లేయా ముదురు పచ్చటి ఆకులతో అందంగా పెరుగుతుంది, పువ్వు ఇవ్వదు.

ఫోన్ యాప్‌తో లక్స్ కొలిచి చూశాను. ఒకే చోట రెండు ఫోన్లు 14,000 అని ఒకటి, 23,000 అని ఇంకొకటి చూపించాయి. మీటర్ కొనక తప్పలేదు.

ఖర్చు: లక్స్ మీటర్ రూ. 1,450, గరిష్ఠ కనిష్ఠ థర్మామీటర్ రూ. 650. మొత్తం రూ. 2,100.

దశ 2: రాత్రి చీకటిగా లేదు

అంతకు ముందు శీతాకాలంలో పిట్టగోడ వైపు కుండీలు సరిగా పూయలేదు. నీళ్ల ట్యాంకు వెనక పెట్టినవి చక్కగా పూశాయి. నీళ్లు, ఎరువు రెండు చోట్లా ఒకటే. కార్తీకంలో చామంతి కూడా అలాగే చేసింది, ట్యాంకు వెనకది మొగ్గలతో నిండింది, పిట్టగోడ పక్కది ఆకులతోనే ఉంది.

రాత్రి పదకొండుకు మీటర్ పెట్టి చూస్తే సంగతి తెలిసింది. పిట్టగోడ పక్కన 7 లక్స్, డాబా మధ్యలో 2, ట్యాంకు వెనక మీటర్ సున్నా. వీధిలో కొత్తగా పెట్టిన తెల్ల ఎల్‌ఈడీ దీపం రాత్రంతా అలా పడుతోంది. 7 లక్స్ అంటే మన కంటికి దాదాపు చీకటే. పున్నమి వెన్నెల పావు లక్స్ ప్రాంతంలో ఉంటుంది, దానితో పోలిస్తే ఈ దీపం ఇరవై ఐదు రెట్లకు పైనే.

రాత్రి అంత ముఖ్యమని తేలింది ఎప్పుడో. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు మీద పనిచేసి, పగటి పొడవును బట్టి పూత వస్తుందని ప్రకటించారు. 1938లో హ్యామ్నర్, బోనర్ ఇంకో మొక్క మీద చేసిన ప్రయోగంలో అసలు లెక్క ఎడతెగని చీకటిదని తేలింది. పొడవైన రాత్రి మధ్యలో కాసేపు దీపం పెడితే ఆ రాత్రి చెల్లలేదు. వాళ్లు వాడిన మొక్క మన రోడ్ల పక్కన బట్టలకు అంటుకునే మరుల మాతంగి. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎర్ర వెలుగు తగలగానే రూపం మారుతుంది, చీకట్లో మెల్లగా వెనక్కి వెళుతుంది. మొక్క రాత్రిని పసిగట్టే పనిలో అది ముఖ్యమైన భాగం. ఆర్కిడ్ల విషయానికొస్తే 1952లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి రోటర్ ప్రచురించిన పని ఉంది. పగటి పొడవు, ఉష్ణోగ్రత రెండూ కలిపి చూసిన పని అది. కాట్లేయా లేబియాటాను పొడవైన పగళ్లలో పెడితే పూత ఆగుతుందని అందులో తేలింది. అర్ధరాత్రి దీపం పెట్టిన నా ‘ఆ’ గుంపు మొత్తం ఆ ఫలితం మీదే ఆధారపడింది.

వీధి దీపానికి చేసింది:

1. పిట్టగోడ మీద రెండు ఇనుప గొట్టాలు నిలబెట్టి, మధ్య జీఐ తీగ కట్టి, నల్ల సిల్పాలిన్ (ప్లాస్టిక్ టార్పాలిన్) ముక్క వేలాడదీశాను. పగలు పక్కకు లాగేస్తాను.
2. పక్కింటి అత్తయ్యగారి మెట్ల దీపం కూడా 3 లక్స్ ఇస్తోంది. పది దాటాక ఆపేయగలరా అని అడిగితే, "మొగ్గ కట్టాక నాకో పువ్వు ఇవ్వాలి మరి" అన్నారు. ఆ రోజు నుంచి ఆపేస్తున్నారు.
3. మళ్లీ కొలిచాను. అన్ని కుండీల దగ్గరా 1 లక్స్ లోపు. చవక మీటర్ అంతకన్నా కింద సరిగ్గా చూపదు.

ఖర్చు: రూ. 480. ఇప్పటికి మొత్తం రూ. 2,580.

కొత్త దీపాలు, పెట్టెలు కొనేముందు అందరూ ఈ దశ పూర్తి చేయాలని నా గట్టి అభిప్రాయం. పువ్వు రాకపోతే మనం ఎరువు మారుస్తాం, కుండీ మారుస్తాం, రాత్రి డాబా మీదికి వెళ్లి వెలుగు ఎంతుందో చూడం.

దశ 3: నల్ల పెట్టె (ఏప్రిల్ చివర నుంచి జూన్)

ఇ గుంపును ఎండాకాలంలోనే పొడవైన రాత్రుల్లో పెట్టి ముందుగా పూయించవచ్చా అన్నది ప్రశ్న. ఇనుప యాంగిల్ ఫ్రేమ్, దాని మీద లోపల నలుపు, బయట తెలుపు ఉన్న షీటు.

మొదట సాయంత్రం 5కి మూసి ఉదయం 7కి తీసేవాడిని. బయట 36 డిగ్రీలున్న సాయంత్రం లోపల 43 చూపించింది. ఆకులు మెత్తబడ్డాయి. వేళలు మార్చాను. సాయంత్రం 6:30కి మూయడం, ఉదయం 8:30కి తీయడం. చీకటి అదే 14 గంటలు, కానీ పొడిగింపు చల్లని ఉదయం వైపు పడింది. పెట్టెను తూర్పు ఎండ తగలని గోడ నీడకు జరిపాను. ఆ తర్వాత లోపల 31 దాటలేదు.

రెండో ఇబ్బంది గాలి. కాట్లేయా, ఫెలనాప్సిస్ లాంటి మందపాటి ఆకుల ఆర్కిడ్లు ఆకు రంధ్రాలను ఎక్కువగా రాత్రిపూట తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయి. ఆ సమయంలోనే నేను వాటిని షీటులో చుట్టేస్తున్నాను. తేమ 90 శాతం దాటింది, రెండు కుండీల్లో కొత్త మొలక మొదట్లో నల్లబడి కుళ్లింది. మార్పులు:

1. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను పై భాగంలో బిగించాను.
2. దాని బయట రెండు పీవీసీ ఎల్బోలు ఎదురెదురు దిశల్లో కలిపి, లోపల మ్యాట్ నలుపు రంగు వేశాను. గాలి వంపు తిరిగి పోతుంది, వెలుగు లోపలికి రాదు.
3. కింద గాలి లోపలికి రావడానికి అలాంటిదే ఇంకొకటి.
4. పెట్టె మూసే రోజుల్లో నీళ్లు ఉదయం మాత్రమే. సాయంత్రానికి ఆకు మొదళ్లు ఆరిపోవాలి.

కుళ్లు అంతటితో ఆగింది. తడి ముక్క కోసేసి, కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దాను.

చీకటి పరీక్ష సులువు. మిట్టమధ్యాహ్నం పెట్టెలో దూరి, కళ్లు అలవాటు పడేదాకా కూర్చోవాలి. కుట్టు రంధ్రాలు చుక్కల్లా మెరుస్తూ కనిపిస్తాయి. ప్రతి చుక్కకూ నల్ల టేపు.

ఫలితం: పెట్టెలోని చామంతి నాలుగు వారాలకు మొగ్గ కట్టింది, బయటిది ఆకులే వేసింది. అంటే చీకటి సరిపోయింది. కాట్లేయాల్లో మూడు కుండీలు ఏమీ ఇవ్వలేదు. నాలుగోది జూలైలో రెండు పువ్వులు ఇచ్చింది. దానికి మాత్రమే చలికాలంలో పెరిగి పూర్తిగా ముదిరిన కాండం, దాని మీద మొగ్గను కప్పి ఉంచే పూల తొడుగు సిద్ధంగా ఉన్నాయి. మిగతా మూడింటికీ ఆ ఏడాది మొలకలు ఇంకా లేతగా, సగం ఎత్తులో ఉన్నాయి. లేత కాండానికి ఎన్ని పొడవైన రాత్రులు ఇచ్చినా వృథా. కాండం ముదిరి ఆకు గట్టిపడ్డాకే పెట్టెలో పెట్టాలి, మా దగ్గర అది జూలై ముందు కుదరదు. అందుకే ఇ గుంపును ఆపేసి పెట్టెను పక్కన పెట్టాను.

ఖర్చు: ఫ్రేమ్, వెల్డింగ్ రూ. 3,200, షీటు రూ. 1,300, ఫ్యాను, ఎల్బోలు, రంగు రూ. 700. ఇప్పటికి మొత్తం రూ. 7,780.

దశ 4: అర్ధరాత్రి దీపం (జూలై మధ్య నుంచి నవంబర్ 1)

సాయంత్రం నుంచి దీపాలు వేసి పగలు పొడిగించడం కన్నా, రాత్రి మధ్యలో నాలుగు గంటలు వేస్తే కరెంటు తక్కువ, ఫలితం అదే. రాత్రి 10 నుంచి 2 దాకా పెట్టాను.

1. 9 వాట్ల వార్మ్ వైట్ ఎల్‌ఈడీ బల్బులు. చామంతి రైతులు దాదాపు 100 లక్స్ లక్ష్యంగా పెట్టుకుంటారు, నేనూ అదే పెట్టుకున్నాను. వార్మ్ వైట్‌లో ఎరుపు పాలు ఎక్కువ, అందుకే చల్లని తెలుపు తీసుకోలేదు.
2. ఆకుల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో కట్టాను. సరిగ్గా కింద 105 లక్స్, బల్లల అంచుల్లో 40.
3. రెండు బల్లలకు నాలుగు బల్బులు.
4. హోల్డర్ల మీద వాన పడకుండా ప్లాస్టిక్ డబ్బా మూతలు.

ఈ దశ టైమర్ దగ్గర చెడింది. ముందు కొన్నది గుండ్రంగా తిరిగే మెకానికల్ టైమర్. కరెంటు పోతే అది ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచి తిరుగుతుంది. సెప్టెంబర్ గాలివానల్లో కరెంటు గంటల తరబడి పోయింది. తీరా ఒక ఉదయం తొమ్మిదికి డాబా ఎక్కితే ఎండలో బల్బులు వెలుగుతున్నాయి. రాత్రంతా చీకటే గడిచింది. అప్పటికి ఎన్ని రాత్రులు అలా పోయాయో చెప్పడం కష్టం, కానీ ఆ బల్ల మీది చామంతి చిగుళ్లలో మిరియపు గింజంత మొగ్గలు కనిపించాయి. కాట్లేయా తొడుగులు ఇంకా ఖాళీగానే ఉన్నాయని టార్చితో చూశాక టెన్షన్ తగ్గింది.

మార్పు: లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్. దానితో సమయం నిలబడుతుంది, కానీ కరెంటు లేని రాత్రి దీపం వెలగదు. దానికి 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, 10 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ తెచ్చాను. లెక్క ఇలా ఉంటుంది. బ్యాటరీలో 84 వాట్ అవర్లు, పట్టీ నాలుగు గంటలకు తినేది 40. సగం కూడా ఖాళీ అవదు, బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది.

ఖర్చు: బల్బులు, హోల్డర్లు, వైరు రూ. 1,120, మెకానికల్ టైమర్ రూ. 550, డిజిటల్ టైమర్ రూ. 950, బ్యాటరీ, ఛార్జర్, పట్టీ రూ. 2,300. ఇప్పటికి మొత్తం రూ. 12,700.

కరెంటు లెక్క చిన్నదే. నాలుగు బల్బులు 36 వాట్లు, రోజుకు నాలుగు గంటలు, నెలకు నాలుగున్నర యూనిట్ల లోపు.

దశ 5: పూత

అ గుంపు, అంటే సహజ రాత్రుల్లో ఉన్నవి: సెప్టెంబర్ చివర తొడుగుల్లో మొగ్గలు, అక్టోబర్ చివర నుంచి పువ్వులు. నాలుగు కుండీల్లో మొత్తం 9 పువ్వులు. అత్తయ్యగారి పువ్వు ఇందులోంచే వెళ్లింది.

‘ఆ’ గుంపు, అంటే అర్ధరాత్రి దీపం కింద ఉన్నవి: మూడు కుండీల్లో నవంబర్ 1 దాకా తొడుగులు పచ్చగా, ఖాళీగా నిలిచాయి. నాలుగోది మాత్రం అ గుంపుతోపాటే నవంబర్ మొదట్లో పూసింది. ఆ కుండీ ట్యాంకు స్టాండు కాలి నీడలో ఉంది. రాత్రి కొలిస్తే దాని ఆకుల మీద 12 లక్స్. మొదట కొలిచినప్పుడు స్టాండు వైపు మీటర్ పెట్టలేదు. దీపం కింద బల్ల మధ్యలో కొలిస్తే చాలదు, ప్రతి కుండీ ఆకు మీదా మీటర్ పెట్టాలి. నీడ పడే దిక్కు ఉంటే రెండో వైపు నుంచి ఇంకో బల్బు వేయాలి.

పిట్టగోడ దగ్గరి 7 లక్స్ పూతను చెడగొట్టింది, ఇక్కడ 12 లక్స్ ఆపలేకపోయింది. దీనికి నాకు తోచిన కారణం, అక్కడ దీపం రాత్రంతా ఉంది, ఇక్కడ నాలుగు గంటలే. ఒకటి రెండు కుండీలతో ఖాయంగా చెప్పే విషయం కాదు, వచ్చే విడతలో విడిగా చూస్తాను.

దీపాలు ఆపాక మూడు కుండీల్లోనూ మొగ్గలు డిసెంబర్ మధ్యలో కనిపించాయి. సంక్రాంతికి అవి తొడుగు దాటి బయటికి వచ్చి, ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. విచ్చుకున్నది జనవరి చివరి వారంలో, ఒకటి ఫిబ్రవరిలో. మొత్తం 7 పువ్వులు. రంగు అ గుంపు కన్నా చిక్కగా ఉంది, ఒక్కో పువ్వు కూడా ఎక్కువ కాలం నిలిచింది. చలి దీనికి కారణం అయ్యుంటుంది.

పండగ దాటిపోవడానికీ చలే కారణం. దీపాలు ఆపేటప్పుడు అ గుంపులో చూసిన వేగాన్నే లెక్క పెట్టాను. కానీ సెప్టెంబర్‌లో మా డాబా మీద కనిష్ఠం 21, 22 డిగ్రీలు. డిసెంబర్‌లో 11, 12. మొగ్గ కట్టాలన్న నిర్ణయం రాత్రి పొడవును బట్టి జరిగినా, కట్టిన మొగ్గ ఎదిగే వేగం ఉష్ణోగ్రత చేతిలో ఉంటుంది.

పువ్వుల మొత్తం: అ 9, ఆ 7 ప్లస్ ముందే పూసిన కుండీలో 2, ఇ 2. మొత్తం 20.

ఫెలనాప్సిస్ గురించి కొంచెం

మూడు కుండీలను ‘ఆ’ గుంపు దీపాల కింద, మూడింటిని సహజ రాత్రుల్లో పెట్టాను. రెండు వైపులా తేడా లేదు. నవంబర్ చలి మొదలయ్యాక ఆరింటిలో ఐదు పూల కాడలు వేశాయి. ఫెలనాప్సిస్ 28 డిగ్రీలు దాటిన వేడిలో ఆకులే వేస్తుంది, పగలు 25 ప్రాంతానికి, రాత్రి 20 కిందికి కొన్ని వారాలు దిగితే కాడ పుడుతుంది. దీనికి టైమర్లు, పెట్టెలు కొనకండి. చల్లని చోటు వెతకండి. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఇది కష్టం, మా ఎత్తులో తేలిక. కాడ పుట్టాక 15 డిగ్రీల కింద మొగ్గలు పసుపుబారి రాలుతున్నాయి, రాత్రిపూట గదిలోకి తెచ్చుకోవాలి.

దశ 6: రెండో విడత

మార్చినవి:

1. దీపాలు నవంబర్ 1కి బదులు అక్టోబర్ 5న ఆపాను.
2. డిసెంబర్ నుంచి కుండీలు రాత్రి మెట్ల గదిలో. అక్కడ కనిష్ఠం 16. గదిలో ఎవరూ దీపం వేయకుండా స్విచ్ మీద టేపు అంటించాను.
3. స్టాండు వైపు ఐదో బల్బు. ఇప్పుడు ఏ కుండీ దగ్గరా 60 లక్స్ కన్నా తక్కువ లేదు.
4. తొడుగుల్లో నీళ్లు నిలిచి మొగ్గ కుళ్లకుండా, ఎండబారిన తొడుగు కొనను మొగ్గకు తగలకుండా కత్తిరిస్తున్నాను.

కొత్త ఖర్చు: బల్బు, హోల్డరు, వైరు రూ. 230. మొత్తం రూ. 12,930.

నవంబర్ 28 నాటికి, టార్చి వెలుగులో తొడుగు లోపల మొగ్గ పొడవు: 1వ కుండీ 14 మి.మీ., 2వది 11, 3వది 12, 4వది ఖాళీ. నాలుగోదాని కాండం ఈసారి ఆలస్యంగా ముదిరింది, ఆకు ఇంకా లేత రంగులోనే ఉంది. దాన్ని మిగతావాటితో లెక్కించకుండా పక్కన ఉంచి, వారానికోసారి కొలుస్తున్నాను.